అమ ఉరికి పోయిది

రాతకోతలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఆరు ఒకే సంగతి అడిగాయి. చిన్నప్పుడు అక్షరం పట్టుబడక పడిన అవస్థను, అంటే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నదాన్ని, తెలుగులో ఎట్లా రాయాలి? మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు తోసి ఈ ఆరింటికే చోటిచ్చాం. జవాబులు రాసినవాళ్ళు ఇద్దరు: కథలు సరిచూసే మనిషి ఒకరు, చదవలేకపోతున్న పిల్లలకు చదువు చెప్పే టీచరు ఒకరు. ఇద్దరికీ పొత్తు కుదరని చోట ఆ మాట కూడా రాశాం.

ప్రశ్న: నా చిన్నతనం గురించి రాస్తున్నాను. ‘అక్షరాలు చీమల్లా పాకేవి, పేజీ మీద ఎగిరేవి’ అని మొదలుపెట్టాను. ఇది సినిమాలో చూసినట్టుందే అన్నాడు మా మిత్రుడు. నిజం చెప్పాలంటే నాకు అక్షరాలెప్పుడూ ఎగరలేదు. మరి ఏం రాయాలి?
— ప్రొద్దుటూరు

జవాబు: ఎగరలేదు కాబట్టి ఎగిరాయని రాయకండి. చూపు చెదురుతుందనే పిల్లలు కొందరున్నారు గానీ డిస్లెక్సియాలో అసలు చిక్కు కంటిది కాదు. మాటను శబ్దాలుగా విడదీయడం, ఏ శబ్దానికి ఏ గుర్తో తడుముకోకుండా అందుకోవడం, అందుకున్నది జారిపోయేలోపు పక్కదానితో కలపడం. ఈ మూడూ ఆలస్యమవుతాయి. మీరు రాయాల్సింది ఆ ఆలస్యాన్ని.

దానికి మీ ఊరి బస్సు బోర్డులే చాలు. ‘కడప’ తీసుకోండి. మూడక్షరాలు, మూడూ తలకట్లే. గుణింతం లేదు, ఒత్తు లేదు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు కూడా రెండో తరగతికో మూడో తరగతికో దీన్ని గెలుస్తాడు. ‘అనంతపురం’ దగ్గర సున్న అడ్డం వస్తుంది. మొదటి సున్న ‘న్’ అని పలుకుతుంది, చివరి సున్న ‘మ్’ అని పలుకుతుంది. ఒకే మాటలో ఒకే గుర్తుకు రెండు పలుకులు. ‘కర్నూలు’లో ఇంకో తిరకాసు: కొమ్ము దీర్ఘాన్ని తగిలించింది ర కి, పలకాల్సింది కింద ఉన్న న తో. ఇక మీ ‘ప్రొద్దుటూరు’. అక్షరాలు నాలుగే, విడదీస్తే ముక్కలు పది. ప, ర వత్తు, ఒత్వం, ద, దాని కింద ద వత్తు, కొమ్ము, ట, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. ఆ మొదటి ‘ప్రొ’ను చూడండి. ఎడమ నుంచి కుడికి చదవమని నేర్పుతాం కదా, అన్నిటికన్నా ఎడమన ఉన్నది ర వత్తు కొక్కెం. పలికేటప్పుడేమో అది రెండోది. పైనున్న ఒత్వం మూడోది. కన్ను వెళ్ళే వరస వేరు, నోరు వెళ్ళే వరస వేరు. మామూలు పిల్లలకు కొన్నాళ్ళకు ఈ మూడూ కలిసి ఒకే బొమ్మగా కుదురుకుంటాయి. ఈ పిల్లవాడికి ఏళ్ళు పడుతుంది, కుదిరాక కూడా ప్రతిసారీ కొంచెం కొత్తగానే ఉంటుంది.

దీన్ని పాఠంలా కథలో పెట్టకూడదు. ఇట్లా రాయొచ్చు:

‘బస్సు నుదుట ప ఉంది. ప నాకు తెలుసు. దాని కింద ఎడం పక్క నుంచి ఒగ కొక్కెం పట్టుకోని ఉంది. నెత్తిన ఇంగోటి. కొక్కెం ముందా నెత్తిది ముందా అనుకునేలోపల కండక్టరు విజిలేసె. బస్సు పాయె. తర్వాత బస్సుకు ఎర్రగీత ఉంటాది, అది మా ఊరికే పోతాది.’

ఇక్కడ కష్టం అనే మాట ఎక్కడా రాలేదు. విజిల్ మోగే లోపల ఎంత పని జరిగిందో, ఎంత మిగిలిపోయిందో కనబడింది. చివర్లో పిల్లవాడి ఉపాయం కూడా వచ్చింది: బోర్డు చదవడం మానేసి రంగును బట్టి ఎక్కడం. ఇట్లాంటి ఉపాయాలు ప్రతి పిల్లవాడి దగ్గరా కనీసం అయిదారు ఉంటాయి, అవి గుర్తు తెచ్చుకుని పేజీ పక్కన రాసుకోండి. అక్క చదువుతుంటే విని పాఠం మొత్తం బట్టీ పట్టి, బళ్ళో వేలు పెట్టి ‘చదివే’ పిల్లవాడు పుట తిప్పే చోట దొరికిపోతాడు. నోరు రెండో పుటలో ఉంటుంది, వేలు ఇంకా మొదటి పుట చివరి పంక్తిలో ఉంటుంది. ఆ వేలి మీద ఒక పేరా రాయండి. చీమలకంటే అది నిలుస్తుంది.

చుక్కలు పెట్టి ‘ప... ప్ర... ప్రొ...’ అని సాగదీయకండి. తెలుగు కథల్లో ఆ చుక్కలను మనం నత్తికో ఏడుపుకో కేటాయించుకున్నాం. పాఠకుడు అట్లాగే వింటాడు.

పోలిక కావాలంటే ఒకటే ఎంచుకోండి, అది ఆ పిల్లవాడి ఇంట్లోదై ఉండాలి. శెనక్కాయలు ఒలిచే ఇంటి పిల్లవాడైతే, అందరి చేతికీ ఒలిచిన గింజలు వస్తున్నాయి, తనకు మాత్రం కాయలొస్తున్నాయి. ఒక్కోటీ పగలగొట్టేదాకా లోపల గింజుందో లొట్టో తెలీదు. మగ్గం ఉన్న ఇంటి పిల్లవాడైతే పోగు తెగడం ఉండనే ఉంది: ఆపి, వెతికి, ముడేసి, మళ్ళీ మొదలుపెట్టేసరికి పక్క మగ్గం మూరెడు ముందుకు పోయుంటుంది. రెండు పోలికల్లోనూ ఉన్నది సమయం లెక్కే. ‘మబ్బు కమ్మినట్టు’ అన్న పోలికలో ఆ లెక్క లేదు, అందుకే పనికిరాదు.

ప్రశ్న: నా కథలో మూడో తరగతి పిల్ల నోటు పుస్తకంలోని పంక్తులు అట్లాగే తప్పులతో ఇవ్వాలనుకుంటున్నాను. ఎన్ని తప్పులు పెట్టొచ్చు? ఎట్లాంటివి?
— గుంతకల్లు

జవాబు: ఇద్దరికీ మాట కలవనిది ఇక్కడే. తప్పుల బొమ్మ చూపిస్తే పాఠకుడు పిల్లను చూసి నవ్వుతాడు, అసలొద్దు అంటారు టీచరు. వెయ్యి మాటల కథకు రెండు పంక్తులు, అదీ ఒకే చోట పెట్టొచ్చు, కథ చెప్పే గొంతు మాత్రం నిండుగా ఉండాలి అంటారు సంపాదకులు. పెడితే మాత్రం తప్పు తప్పుగానైనా సరిగ్గా ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

తెలుగులో ఈ పిల్లల రాతలో తరచు పోయేవి ఇవి. ఒత్తు పోతుంది: అన్నం ‘అనం’ అవుతుంది. సున్న పోతుంది: సంత ‘సత’ అవుతుంది. దీర్ఘం పోతుంది: పాలు ‘పలు’ అవుతుంది. ఎత్వం, గుడి ఒకదాని చోట ఒకటి పడతాయి. అక్షరాలు చోటు మారతాయి: పలక ‘పకల’. పోలిక దగ్గరగా ఉన్న ప, వ తారుమారవుతాయి, ద, ధ, థ కూడా అంతే. అన్నిటికన్నా గుర్తుపట్టదగిన లక్షణం ఇంకోటుంది, కథల్లో ఎవరూ రాయరు: ఒకే మాట ఒకే పేజీలో మూడు రకాలుగా ఉంటుంది. పైన ‘బియం’, నడుమ ‘బయ్యం’, కింద ‘బియ్య’. నేర్చుకున్న తప్పయితే ఒకేలా వస్తుంది. ఇది ప్రతిసారీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చే రాత, అందుకే ప్రతిసారీ వేరేలా వస్తుంది.

అద్దంలో చూసినట్టు తిరగేసిన అక్షరాలు పెట్టకండి. అది ఇంగ్లీషు కథల్లోంచి తెచ్చుకున్న అలవాటు. అక్కడ బి, డి అనే చిన్నక్షరాలు నిజంగానే ఒకదానికొకటి అద్దం బొమ్మలు. మన లిపిలో తేడాలన్నీ చిన్న గీతల్లో, అతుకుల్లో ఉంటాయి. పైగా ఏడేళ్ళలోపు పిల్లలు చాలామంది తిప్పి రాస్తారు, దాన్నొక్కదాన్నే పట్టుకుని డిస్లెక్సియా అనరు. చేతిరాత కూడా కోడి గెలికినట్టే ఉండాలని లేదు. చూచిరాత ముత్యాల్లా రాసి, రాసిన దాంట్లో ఒక్క పంక్తి చదవలేని పిల్లలున్నారు. ఆ వైరుధ్యం మీ కథకు ఎక్కువ పనికొస్తుంది.

ఒక ఉదాహరణ. పిల్ల రాయాలనుకున్నది: ‘అమ్మ ఊరికి పోయింది. నేను జేజి కాడ ఉన్నా.’ రాసింది: ‘అమ ఉరికి పోయిది. నేను జేజి కాడ ఉనా.’ ఏడు మాటల్లో నాలుగు తప్పులు. రెండు ఒత్తులు, ఒక దీర్ఘం, ఒక సున్న పోయాయి. ‘జేజి’ (అంటే అవ్వ), ‘కాడ’ చెక్కుచెదరలేదు, వాటిలో ఒత్తూ సున్నా లేవు, ఉన్న దీర్ఘాలు ఈసారి జారలేదు. ఇక ఆ ‘ఉరికి’ని చూడండి. దీర్ఘం పోయిన మాట ఇంకో మాటయి కూర్చుంది. మన సీమలో ఉరకడమంటే పరుగెత్తడం. అమ్మ పారిపోయిందని ఒకరు చదువుతారు. ఉరితాడు గుర్తొచ్చి ఇంకొకరు ఉలిక్కిపడతారు. టీచరు ఎర్ర సిరాతో ‘అమ’కు ఒత్తు పెడతారు, ‘పోయిది’కి సున్న పెడతారు, ‘ఉరికి’ని వదిలేస్తారు, అదీ మాటే కాబట్టి. ఫోను కీబోర్డు కూడా దాన్ని తప్పుగా చూపదు. ఆ పిల్ల కథంతా ఆ ఒక్క దీర్ఘంలో నడిపించవచ్చు. ఇట్లాంటి మాట దొరికేదాకా వెతకండి. ఊరికే అక్కడక్కడా ఒత్తులు పీకేస్తే అది అచ్చుతప్పుల పేజీలా ఉంటుందంతే.

అచ్చుతప్పులంటే గుర్తొచ్చింది. మీ రెండు పంక్తులు డీటీపీలో ఒకసారి, ప్రూఫులో ఒకసారి ‘బాగుపడతాయి’. రాతప్రతిలో ఆ పంక్తుల పక్కన ‘యథాతథం’ అని రాసి గీత గీయండి. పంపేటప్పుడు ఉత్తరంలోనూ ఒక ముక్క రాయండి. అచ్చుకు ముందు ఆ పేజీ ప్రూఫు అడిగి చూసుకోండి.

ప్రశ్న: కథ మొత్తం మా కర్నూలు జిల్లా మాటలోనే చెప్పాలని ఉంది. అప్పుడు ‘సదువు’, ‘ఒగటి’, ‘బయం’ అని రాస్తే, అది మాండలికమో పిల్లవాడి తప్పో పాఠకుడికెట్లా తెలుస్తుంది?
— ఆదోని

జవాబు: తెలియదు. అందుకే రెంటినీ ముందే విడదీసుకోవాలి. ఒక కాగితం మీద మీ కథకుడి మాటలు ముప్పయ్యో నలభయ్యో రాసుకోండి: సదువు, సూడు, యాడ, ఒగటి, పోతాండా, ఇంగ, కాడ. కథ మొదటి పంక్తి నుంచి చివరిదాకా అవి అట్లాగే ఉండాలి. ఒకచోట ‘సదువు’, ఇంకోచోట ‘చదువు’ అని పడిందంటే మీ గీత చెరిగిపోయినట్టే. పిల్లవాడి తప్పులను ఈ మాటల జోలికి రానివ్వకండి. ‘చ’ను ‘స’ అనడం, ‘భ’లో ఒత్తు లేకుండా పలకడం మన నోటి తీరు, ఆ తీరుకు అందరమూ వారసులమే. ‘అన్నం’లో లాంటి కింది ఒత్తు జారడం, సున్న మాయమవడం, అక్షరాల తారుమారు పిల్లవాడివి.

ఈ రెండూ బళ్ళో ఒకచోట కలిసిపోతాయి, అదే మీ కథకు మంచి సరుకు. డిక్టేషన్‌లో పిల్లవాడు ‘సదువు’ అని రాస్తే అది చెవి విన్నట్టు సరిగ్గా రాసిన మాట. ‘సదుపు’ అని రాస్తే అక్షరం చిక్కు. నోటు పుస్తకంలో రెండింటికీ ఒకే ఎర్ర సున్న పడుతుంది. ఏది ఇంటి నుంచి వచ్చిందో ఏది తనలోంచి వచ్చిందో ఆ పిల్లవాడికి విడమరిచి చెప్పినవాళ్ళుండరు, కాబట్టి ఇంటి మాటే తప్పనుకుంటాడు. మీ ఆదోని వైపు ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలకు ఇది మూడింతలు.

ఇంగ్లీషు బోర్డు ఒకటి తగిలించి చూడండి, తేడా ఇంకా తెలుస్తుంది. తెలుగులో మూడక్షరాల ‘కడప’కు పాత ఇంగ్లీషు స్పెల్లింగు సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్. ఎనిమిది. మొదటి అక్షరం పేరు ‘సి’, పలికేది ‘క’. చివరి హెచ్ పలకనే పలకదు. తెలుగులో ముక్కలు ఎక్కువైనా రాసినట్టే పలుకుతాం, కాబట్టి మన పిల్లవాడు చాలాసార్లు చివరికి సరిగ్గానే చదువుతాడు, నిదానంగా చదువుతాడు. ఇంగ్లీషులో నిదానం కూడా కాపాడదు. ఒకే పిల్లవాడి రెండు భాషల వాచకాలను ఒకేలా రాస్తే అది చూడకుండా రాసినట్టు.

ప్రశ్న: నా నవలలో పిల్లవాడు 1994లో కడపలో అయిదో తరగతి. ‘డిస్లెక్సియా’ అనే మాట ఎప్పుడు తేవాలి?
— కడప

జవాబు: వీలైనంత ఆలస్యంగా. ఆ మాట పాతదే, 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు పెట్టాడు. మన ఇళ్ళకు చేరేసరికి నూరేళ్ళు దాటింది. మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలోని ఏడు రకాల్లో ఇది లేదు. 21 రకాలున్న 2016 చట్టంలో చేరింది, ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. మీ పిల్లవాడికి బడి వయసులో సర్టిఫికెట్టు, అదనపు సమయం వంటివి రాస్తే కాలం తప్పినట్టే. 2007 చివర్లో ఇట్లాంటి పిల్లవాడి మీద ‘తారే జమీన్ పర్’ అనే హిందీ సినిమా వచ్చాక ఈ మాట విన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అప్పటికి మీవాడికి ఇరవై మూడేళ్ళుంటాయి. పెద్దయ్యాక తెలుసుకునే సందర్భం కావాలంటే ఆ కాలం సరిపోతుంది.

అంతవరకూ వాడికి దొరికిన మాటలు వేరే. మొద్దు, సోమరి, ధ్యాస లేదు, ‘వీనికి సదువు అబ్బలే’. ఈ చివరిదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ఆ వాక్యంలో కర్త సదువు. అది తనంతట తాను వచ్చి ఒకరికి అబ్బుతుంది, ఒకరికి అబ్బదు. వానిదేమీ లేదు, టీచరుదేమీ లేదు. తిట్టు కాని తిట్టు. జేజి నోట ఓదార్పుగా, నాయన నోట తీర్పుగా రెండుసార్లు వాడొచ్చు.

ఇంకో మూడు క్రియలు మీ నవల మొత్తానికీ పనికొస్తాయి. పిల్లవాడు ‘నాకు చదవడం రాదు’ అంటాడు. లోపల ఉన్నది ‘చదవలేను’. టీచరు వినేది ‘చదవను’. రాకపోవడం నేర్పితే పోయేది, లేకపోవడం శక్తికి సంబంధించింది, ‘చదవను’ పొగరు. తెలుగు ఈ మూడింటినీ క్రియ చివరే తేల్చేస్తుంది. దెబ్బ పడేది కూడా అక్కడే. ప్రతి సన్నివేశంలో ఎవరు ఏది అన్నారు, ఎదుటివాళ్ళు ఏది విన్నారు అని చూసుకుంటే సంభాషణలు వాటంతట అవే బిగుస్తాయి.

బడినే పట్టుకుని ఉండకండి. అంగడికి పోయి ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె, పావుకేజీ బెల్లం తెమ్మంటే రెండే తెచ్చి నిలబడే పిల్లవాడూ వీడే. విన్న వరస నిలవదు. ఎక్కాలు జారిపోతాయి. రాగం ఉన్న వేమన పద్యాలు మాత్రం ముప్పయి ఒప్పజెప్పేవాళ్ళు ఉంటారు. పుస్తకంలో నాలుగో పాదం ఎక్కడుంటుందో చోటును బట్టి చూపిస్తారు, చదివి కాదు.

ప్రశ్న: డిస్లెక్సియా ఒక వరమని, ఐన్‌స్టీన్‌కూ ఉండేదని నా వ్యాసం ముగించాను. బాగుందా?
— అనంతపురం

జవాబు: తీసేయండి. ఐన్‌స్టీన్‌కు ఉండేదనడానికి ఆధారం లేదు. వరమన్న మాట, బళ్ళో మోకాళ్ళ మీద నిలబడిన పిల్లవాడితో అనగలిగితేనే రాయండి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. వాడి గురించే కథ రాస్తున్నాను. వాడి నోటు పుస్తకం పేజీ ఫోటో కథతోపాటు వేయించవచ్చా? నాకూ రాయడం కష్టమే, పంక్తి పంక్తికీ తప్పులొస్తాయి. ఫోనులో చెప్పి రాయించుకోవచ్చా?
— ధర్మవరం

జవాబు: ఫోటో వద్దమ్మా. చేతిరాత మొహం లాంటిది, క్లాసులో అందరూ గుర్తుపడతారు. కథ అచ్చుకు పంపేముందు వాడికి చదివి వినిపించండి. వాడు వద్దన్న చోట కోసేయండి. పేరు, తరగతి, ఊరు మార్చండి. పరీక్ష ఇంకా చేయించకపోతే మీకు బెంగళూరు దగ్గరే, అక్కడ నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య, నరాల ఆసుపత్రిలో చూస్తారు. ఈ లోపాన్ని నిర్ధారించడానికి వాళ్ళు తయారుచేసిన పరీక్షల వరసే ఉంది. కథ కన్నా ముందు ఆ పని.

చెప్పి రాయించుకోవడం గురించి. తప్పకుండా చేయొచ్చు, కొన్ని జాగ్రత్తలతో. ఫోనులో జీబోర్డుకు, అంటే గూగుల్ కీబోర్డుకు, తెలుగు మాట వినే సౌకర్యం ఉంది. కానీ అది ‘పోతాండా’ను తనకు తెలిసిన ఇంకేదో మాటగా మార్చేస్తుంది, విరామ చిహ్నాలు సరిగ్గా పెట్టదు, మీరు ఆలోచిస్తూ ఆగితే ఆగిపోతుంది. కాబట్టి ముందు మామూలు రికార్డరులో మూడు నాలుగు నిమిషాలకో ముక్కగా కథ చెప్పుకుంటూ పోండి. ఆ రికార్డే మీ అసలు ప్రతి, చెరపకండి. తర్వాత దాన్ని వింటూ వాక్యం వాక్యం మళ్ళీ కీబోర్డుకు చెప్పండి, లేదా ఇంట్లో ఎవరితోనైనా రాయించండి. ఇంట్లోవాళ్ళు రాసిపెడితే ఇంకో ప్రమాదం: మీ ‘యాడికి’ని ‘ఎక్కడికి’ అని మర్యాదగా దిద్దేస్తారు. విన్నది విన్నట్టు రాయమని ముందే ఒట్టు వేయించుకోండి.

దిద్దుకునేటప్పుడు కళ్ళతో వెతకొద్దు, చెవితో వెతకండి. టైపు చేసినదాన్ని ఫోను చేత చదివించి, పక్కన మీ రికార్డు పెట్టుకుని వినండి. పోయిన ఒత్తు, పోయిన దీర్ఘం వినబడతాయి. ఆ ‘ఉరికి’ కూడా దొరికేది ఇక్కడే. కాగితం మీద చూసుకోవాలంటే అక్షరం 16 పాయింట్లు, పంక్తుల మధ్య ఒకటిన్నర రెట్ల ఎడం పెట్టి అచ్చు తీయండి. ఇంగ్లీషుకు 12, 14 సరిపోతాయి. మనకు పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగిలి చదవనివ్వవు. కుడి అంచు సమం చేయొద్దు, చేస్తే మాటల మధ్య సందులు సాగి పంక్తి తప్పిపోతుంది. పేజీకి రెండు పేరాలే ఉంచి, చదువుతున్న పంక్తి కింద స్కేలు పెట్టుకోండి. మాకు పంపేటప్పుడు టైపు చేసిన కాపీతోపాటు రికార్డు కూడా జతచేయండి, అనుమానం వచ్చిన చోట మేము విని చూసుకుంటాం.